ఆదాయం చదివాక ఆగిన మైకు

విశ్వావసు ఉగాది ఆదివారం పడింది. సెలవు పెట్టే పని లేదు కనుక చెన్నైలోని మన తెలుగు సంఘం వేడుకకు అంబత్తూరు నుంచి, తాంబరం నుంచి కూడా మనవాళ్లు వచ్చారు. వెనుక నిలబడ్డవారికి ఉగాది పచ్చడి అందలేదు. సిద్ధాంతి గారు పంచాంగ శ్రవణం మొదలుపెట్టి మేషం, వృషభం ముగించి మిథునానికి వచ్చారు. ఆదాయం చదివారు. వ్యయం దగ్గర మైకు ఆగిపోయింది.

ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాది మిథునమే కనుక నేనూ కుర్చీలో ముందుకు వంగాను. మధ్యలో ఒక్క ముక్క వినిపించి మళ్లీ పోయింది. మన పెద్దల్లో ఒకరు లేచి, పాత తీగ మైకు తెప్పించుకుని, సిద్ధాంతి గారికి ఇవ్వడానికి ముందు తామే అందులో మాట్లాడారు: “ఈ చైనా సరుకు తెచ్చిన పుణ్యాత్ముడు ఒకసారి లేచి నిలబడితే అందరం దర్శనం చేసుకుంటాం.”

హాలంతా నవ్వింది. ఆ అబ్బాయి లేవాల్సిన పని లేదు, అప్పటికే నిలబడి ఉన్నాడు. పులిహోర గంగాళం దగ్గర గరిటె పట్టుకుని ఉన్నాడు. సిద్ధాంతి గారు ఆ తర్వాత ప్రతి రాశికీ రాజపూజ్యం, అవమానం కూడా చదివారు. అతనిది ఏ రాశో నాకు తెలియదు. నేను కూడా నవ్వాను. ఇది రాయడానికి ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

మైకు కథ మీలో చాలామందికి సగమే తెలుసు. తక్కిన సగం మీ వాట్సాప్‌లోనే ఉంది, పైకి జరిపితే కనబడుతుంది.

ఫిబ్రవరిలో కార్యవర్గం కాలర్ మైకు జత ఒకటి కొందామనుకుంది. ఎలక్ట్రానిక్ సామాన్ల అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో బిల్లుతో, ఏడాది వారంటీతో 9,500 రూపాయలు చెప్పారు. చైనా నుంచి ఏజెంటు ద్వారా తెప్పిస్తే 3,900కు వస్తుందని ఎవరో అన్నారు. షోళింగనల్లూరులో ఉద్యోగం చేసే ఈ అబ్బాయికి ఆ పద్ధతి తెలుసు. తన పనికి కావలసిన చిన్న బోర్డులూ, సెన్సర్లూ అలాగే తెప్పించుకుంటాడు. “తెప్పించి పెడతావా బాబూ?” అని అడిగాం. సరేనన్నాడు. మర్నాడు ఉదయానికి గ్రూపులో మొదటి సందేశం వచ్చింది: “ఎలాగూ పెట్టె వస్తోంది కదా, నాకు రెండు ఇయర్‌ఫోన్లు.” ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చేతి గడియారాలు, గోడకు బొమ్మ వేసే చిన్న ప్రొజెక్టరు, పూజగది దీపాలు, మనవడికి డ్రోను, పవర్ బ్యాంకులు. మొత్తం 27 మందిమి. సంఘం మైకు బరువు 600 గ్రాములు. చివరికి పెట్టె 31 కిలోలు తూగింది.

ఏజెంటు చేసే పని ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆర్డరు ఇచ్చినవారిలో ఎక్కువమందికి అది తెలియదని నాకు అనుమానం. టావోబావో, 1688 లాంటి అంగళ్లు చైనావాళ్ల కోసం పెట్టుకున్నవి. అక్కడి భాష, అక్కడి చెల్లింపు, అక్కడి చిరునామా ఉండాలి. మనం లింకు ఇస్తే ఏజెంటు యువాన్లలో కొని తన గోడౌనుకు తెప్పించుకుంటాడు. పొట్లాలు విప్పి ఫొటోలు తీసి మనకు పంపుతాడు. అన్నీ ఒకే పెట్టెలో సర్ది తూస్తాడు. బరువు తక్కువై పెట్టె పెద్దదైతే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి ఐదు వేలతో భాగించి, వచ్చినదాన్నే బరువు అంటాడు. అప్పుడు రెండోసారి డబ్బు కట్టాలి. ధర చూసి మురిసిపోయినవాళ్లు ఈ రెండో బిల్లు చూసి అబ్బాయిని అనుమానించారు. నేను విన్నాను.

ఈ ఫొటోల సంగతి ముఖ్యం. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను ఏడు రోజుల్లోగా కారణం చెప్పకుండానే తిప్పి పంపే హక్కు 2014 నుంచి చైనా చట్టంలోనే ఉంది. అయితే ఆ ఏడు రోజులూ సరుకు ఏజెంటు గోడౌనుకు చేరినప్పటి నుంచి నడుస్తాయి, మన గుమ్మానికి చేరినప్పటి నుంచి కాదు. పెట్టె ఓడో విమానమో ఎక్కాక ఆ హక్కుతో మనకు పని లేదు. కాబట్టి ఆ నాలుగు ఫొటోలే మన పరీక్ష. అబ్బాయి 27 మంది వస్తువుల ఫొటోలూ గ్రూపులో పెట్టి, “దయచేసి మూడు రోజుల్లో చూసి చెప్పండి” అని రాశాడు. దాని కింద ఏమున్నాయో నిన్న మళ్లీ చూశాను. రెండు శుభోదయాలు, ఒక వెంకటేశ్వరస్వామి బొమ్మ, ఒక పెళ్లిరోజు శుభాకాంక్షలు. ఆ వెంకటేశ్వరస్వామిని పెట్టింది నేనే.

మా నాన్నగారు చూసి ఉంటే చీవాట్లు పెట్టేవారు. 1984లో ఆయన గూడూరు నుంచి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బర్మా బజారుకు టేప్‌రికార్డరు కొనడానికి వెళ్లారు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చినవారి కోసం బీచ్ స్టేషను ఎదుట ఏర్పడ్డ అంగళ్లవి. (రంగూన్ రేవులో మూటలు మోసిన మనవాళ్లను కోరంగీలనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.) పెట్టె ఇంటికి తెచ్చి విప్పితే లోపల ఇటుక ఉంటుందని బర్మా బజారు మీద ఒక అపవాదు ఉండేది. నాన్నగారు అంగడి ముందు నిలబడి, తన సంచిలోంచి బ్యాటరీలు తీసి, తనతో తెచ్చిన క్యాసెట్టు వేయించారు. ఒక పాట కాదు, రెండు వైపులా పూర్తిగా. అంగడివాడు తమిళంలో విసుక్కున్నాడు, బతిమాలాడు, చివరికి స్టూలు వేశాడు. క్యాసెట్టు అయ్యేసరికి ఇద్దరూ ఒకే గ్లాసులోని టీ పంచుకుంటున్నారు. ఆ రికార్డరు పందొమ్మిదేళ్లు పాడింది. సిగ్గుతో నేను నాలుగు అంగళ్ల అవతల నిలబడ్డాను. అంత దూరం నిలబడినవాడికి ఫొటోలు చూసే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

మళ్లీ పెట్టె దగ్గరికి వద్దాం. 2019 డిసెంబరు దాకా విదేశం నుంచి ఐదు వేల రూపాయల లోపు బహుమతి వస్తే సుంకం ఉండేది కాదు. చైనా అమ్మకందారులు ప్రతి పొట్లం మీదా ‘బహుమతి’ అని రాసి పంపేవారు. ఈ సరుకంతా తయారయ్యే చైనా నగరం షెన్‌జెన్‌లో మనకు అంతమంది ఆత్మబంధువులు ఉన్నారని ఆ రోజుల్లోనే తెలిసింది. ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసి, ప్రాణాధార మందులకూ రాఖీలకూ మాత్రం మినహాయింపు ఉంచింది. మరుసటి ఏడాది జూన్‌లో చైనాతో గల్వాన్ ఘర్షణ, నవంబరులో చైనా ఆన్‌లైన్ అంగడి అలీఎక్స్‌ప్రెస్ సహా 43 యాప్‌ల మీద నిషేధం. తిన్నటి దారి మూసుకుపోయాక ఏజెంట్ల గిరాకీ పెరిగింది. ‘సుంకంతో కలిపి కిలోకు ఇంత’ అని చెప్పే ఏజెంటు అంత చవకగా ఎలా తేగలుగుతున్నాడని మనం అడగం. మన పెట్టె విషయంలో జవాబు కాగితం మీదే దొరికింది: లోపల ఉన్నవి ‘ప్లాస్టిక్ భాగాలు’ అని రాసి పంపాడు.

అందులో తొమ్మిది పవర్ బ్యాంకులు ఉన్నాయి. లిథియం బ్యాటరీలంటే విమానాలవాళ్లకు భయం, ఆ భయం న్యాయమైనదే. వాటికి వేరే ప్యాకింగు, వేరే ప్రకటన, వేరే ధర ఉంటాయి. ఇక్కడ అమ్మాలంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు కూడా ఉండాలి. ప్లాస్టిక్ భాగాల్లో బ్యాటరీలు కనబడితే ఏ అధికారి అయినా ఆపుతాడు. ఆపారు. ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. పెట్టె అబ్బాయి పేరు మీద, అబ్బాయి ఆధార్ మీద ఉంది. పవర్ బ్యాంకులు వదులుకుని, సుంకం, జరిమానా, నిల్వ రుసుము కట్టి, మిగతావి విడిపించుకోవడానికి అతనికి 18,400 రూపాయలు అయింది. ఎవరినీ అడగలేదు. ఉగాది ముందు గురువారం రాత్రి పెట్టె హాలుకు చేరింది.

శనివారం సాయంత్రం ఖాళీ హాలులో మైకు శుభ్రంగా పనిచేసింది. ఆదివారం ఎందుకు ఆగిందో అబ్బాయి తర్వాత నాకు చెప్పాడు, వినడానికి నేను ఒక్కడినే ఉన్నాను. అది 2.4 గిగాహెర్ట్జ్ మైకు, వైఫై, బ్లూటూత్ నడిచే తరంగాలే. జేబుకొక ఫోనుతో నాలుగు వందల మంది కూర్చుంటే అక్కడ తిరునాళ్ల రద్దీ. పైగా మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ తరంగాలను పీల్చేస్తుంది. రిసీవరు వేదిక మీద కాకుండా జనం వెనుక సౌండు పెట్టె దగ్గర ఉంది. అంటే మైకులో లోపం లేదు, అది ఇంటర్వ్యూలకు పనికొచ్చే మైకు, కల్యాణమండపానికి కాదు.

రిచీ స్ట్రీట్ దుకాణదారు చెప్పిన ధరలో ఎక్కువగా కనబడ్డ ఆ 5,600 దేనికో నాకు అప్పుడు అర్థమైంది. అతను అమ్మేదీ షెన్‌జెన్ నుంచి వచ్చిందే కావచ్చు. కానీ “హాలు ఎంత పెద్దది సార్?” అని అడుగుతాడు. వద్దు, ఇది తీసుకోండి అంటాడు. పాడైతే సోమవారం పొద్దున వెళ్లి కౌంటరు మీద పెట్టి కేకలు వేయవచ్చు. ఆ కేకలు పడే పనికి కూడా మనం అతనికి డబ్బు ఇస్తాం. అదే పని ఈ అబ్బాయి చేత ఊరికే చేయించుకున్నాం.

ఏజెంట్లందరూ దొంగలని నేను అనను. మన సంఘంలోనే ఒక విశ్రాంత ఇంజనీరు గారు పాత వాల్వు రేడియోలు బాగుచేస్తారు. ఆయనకు కావలసిన భాగాలు ఇక్కడ ఏ అంగడిలోనూ దొరకవు. ఆయన ఏజెంటు ద్వారానే తెప్పిస్తారు, ఉన్నది ఉన్నట్టు రాయించి సుంకం కడతారు, ఫొటోలను భూతద్దం పెట్టి చూస్తారు. అలాంటివారికి ఆ దారి ఉండాలి. నాలాంటివాడి సంగతి వేరు. నేను అడిగింది రెండు టెరాబైట్ల పెన్‌డ్రైవ్, 700 రూపాయలకు. “బాబాయి గారూ, ఆ ధరకు అంత చోటు రాదు, లోపల చిన్న చిప్పు పెట్టి పెద్ద అంకె చూపిస్తారు” అని అబ్బాయి ముందే చెప్పాడు. అయినా తెప్పించమన్నాను. పదకొండేళ్ల మన కవి సమ్మేళనాల వీడియోలు అందులోకి ఎక్కించాను. అన్నీ ఎక్కినట్టే చూపించింది. మొదటి ఏడాది దాటాక ఫైళ్ల పేర్లు ఉన్నాయి, లోపల ఏమీ లేదు. (కొందరు కవుల విషయంలో తేడా తెలియదనుకోండి.) అసలు కాపీలు ఇంట్లో ఉన్నాయి కనుక నష్టం లేదు. అయినా ఫోను చేసి అతన్ని అనరాని మాట ఒకటి అన్నాను.

అలా అనడం నాకు వంశపారంపర్యం. 1995లో మా ఊరి కుర్రవాడొకడు గిండీలో ఇంటర్వ్యూకు పినాకిని రైలు ఎక్కుతుంటే, ఎలాగూ వెళుతున్నాడు కదా అని అమ్మ ఆవకాయ జాడీ చేతిలో పెట్టింది. గుడ్డ వదులై దారిలో నూనె కారి అతని సంచిలోని సర్టిఫికెట్లు తడిశాయి. సెంట్రల్‌లో అతను దిగగానే నేను అడిగిన మొదటి మాట: “ఆవకాయ ఎంత మిగిలింది?” అక్కడ అమ్మ, ఇక్కడ నేను, జాడీ సరిగా పట్టుకోలేదని అతన్నే అన్నాం. పండగలకు ఈ కథ చెప్పుకుని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. వచ్చేవాడి నెత్తిన మన జాడీ పెట్టడంలో ఎంతో ఆత్మీయత ఉందని నేను నమ్ముతాను, ఆ ఆవకాయ తినే ఈ నగరంలో నిలబడ్డాను. ఉద్యోగం ఆ కుర్రవాడికి వచ్చిందో లేదో మాత్రం నేను అడిగినట్టు గుర్తులేదు.

ఉగాది తర్వాతి ఆదివారమే శ్రీరామనవమి. ప్రతి ఏడూ పానకం బిందె మోసే అబ్బాయి రాలేదు. పనుందేమో అన్నారు. ఇద్దరం కలిసి మోయబోయి సగం ఒలకబోశాం.

సర్వసభ్య సమావేశంలో నేను అడగబోయేవి ఇవి. సంఘానికి కొనే వస్తువు బిల్లుతో, వారంటీతో ఊళ్లోనే కొనాలి. ఎవరి సొంత ఆర్డర్లు వారు తమ పేరుతో, తమ ఆధార్‌తో తెప్పించుకోవాలి. ఆ రోజు మైకులో అన్న మాటను, అన్నవారు మైకులోనే వెనక్కు తీసుకోవాలి. ఆ 18,400ను 27 మందిమి పంచుకోవాలి. పవర్ బ్యాంకులు పోగొట్టుకున్నవారు మాకెందుకు అంటున్నారని విన్నాను. అయ్యా, పెట్టె ఆగింది వాటివల్లే.

తలా 682 రూపాయలు పడుతుంది. నేను ఇవ్వాల్సింది 1,382. ఆ పెన్‌డ్రైవ్ ధర అబ్బాయి తన జేబులోంచి నాకు తిప్పి ఇచ్చాడు, నేను తీసుకున్నాను. ఆ డబ్బు కవరులో పెట్టి కోశాధికారి గారికి ఇచ్చాను. రసీదు ఏ పద్దు కింద రాయాలని ఆయన అడిగారు, ఇద్దరికీ తోచలేదు. ఇప్పటికి నాతో కలిపి నలుగురు ఇచ్చారు.