“క్యాన్సర్ స్క్రీనింగ్ అంతా బిజినెస్” అట, ఒక్కో మాటా చూద్దాం

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బాధ లేనివాళ్ళకు క్యాన్సర్ పరీక్షలెందుకు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రేడియేషనే క్యాన్సర్ తెస్తుంది, బయాప్సీకి (పరీక్ష కోసం గడ్డలోంచి చిన్న ముక్క తీయడానికి) సూది గుచ్చితే గడ్డ ఒళ్ళంతా పాకుతుంది, ఇదంతా ఆసుపత్రుల బిజినెస్, అంతగా భయముంటే ట్యూమర్ మార్కర్ల (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాల) రక్తపరీక్ష చేయించుకుంటే చాలు. ఇదీ అందులో ఉన్నది. అన్నీ పచ్చి అబద్ధాలే అయితే గొడవే లేదు, ఒకదాంట్లో కొంత నిజముంది.

బాధ లేకపోతే పరీక్షెందుకు? బాధ మొదలయ్యాక చేసేదాన్ని స్క్రీనింగ్ అనరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే తీసుకోండి. దాదాపు అన్ని కేసులకూ హెచ్‌పీవీ వైరస్సే కారణం, అది సోకి క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది, ఆ లోపల మనిషికి ఏమీ తెలియకపోవచ్చు గానీ పరీక్షలో మాత్రం మార్పులు దొరుకుతాయి, అప్పుడే వైద్యం చేస్తే చాలామందిలో క్యాన్సర్ దాకా పోదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో 1,30,000 మందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన వర్గంలో ఆ క్యాన్సర్ మరణాలు, స్క్రీనింగ్ లేని వర్గంతో పోలిస్తే, సుమారు సగానికి తగ్గాయి.

మామోగ్రామ్ రేడియేషన్: ఉంది, లేదని ఎవరూ అనరు. సుమారు 0.4 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత). నేల నుంచీ ఆకాశం నుంచీ మన ఒంటికి కొన్ని వారాల్లో ఎలాగూ తగిలేంత.

బయాప్సీ సంగతి. సూది దారిలో కణాలు పడటం కొన్ని రకాల గడ్డల్లో అరుదుగా జరుగుతుంది, డాక్టర్లకు అది తెలుసు, అందుకే వృషణంలో గడ్డను మామూలుగా సూదితో గుచ్చరు, శస్త్రచికిత్స చేసి తీసేస్తారు. అంతమాత్రాన రొమ్ములో గడ్డకు బయాప్సీ వద్దంటే, అదేమిటో తెలియకుండా వైద్యం ఎలా చేస్తారు?

ఇక బిజినెస్ మాట. నిజం ఉన్నది ఇక్కడే. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌కి అల్ట్రాసౌండ్ చేయడం మామూలైపోయాక, 1993తో పోలిస్తే 2011లో థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే ఎప్పటికీ హాని చేయని గడ్డల కోసం ఎందరో గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. ఇది తప్పే, ఒప్పుకోవాల్సిందే. కానీ థైరాయిడ్ తప్పుకి హెచ్‌పీవీ పరీక్షని శిక్షించడం ఏం న్యాయం? ఏ పరీక్ష, ఏ వయసు, ఎవరికి అన్నది విడివిడిగా తేలాలి. ఊపిరితిత్తులకు లో డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) కూడా అందరికీ కాదు, ఏళ్ళ తరబడి బాగా సిగరెట్లు కాల్చినవాళ్ళకే. అలాంటివాళ్ళ మీద అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్‌లో (2011) ఆ క్యాన్సర్ మరణాలు, ఎక్స్‌రే తీసిన వర్గంతో పోలిస్తే, 20 శాతం తగ్గాయి.

చివరికి ఆ రక్తపరీక్ష. అన్నిటినీ అనుమానించమన్న మెసేజ్, తీరా అనుమానించాల్సినదాన్నే చేయించుకోమంటోంది! అండాశయ క్యాన్సర్‌కి వాడే సీఏ-125 అనే మార్కర్ నెలసరిలోనూ, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) పెరుగుతుంది. బ్రిటన్‌లో 2,00,000 మందికి పైగా మహిళలతో చేసిన ట్రయల్ ఫలితం 2021లో వచ్చింది: ఆ మార్కర్‌తో ఏటా స్క్రీనింగ్ చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. వైద్యం మొదలయ్యాక అది పనిచేస్తోందా లేదా చూడటానికి ఆ మార్కర్ పనికొస్తుంది. ఏ లక్షణమూ లేని మనిషికి మాత్రం దానివల్ల మిగిలేది టెన్షనే.