ఈకల దగ్గర పిసినారితనం వద్దు

పోయిన సంక్రాంతికి బెజవాడ వెళ్తూ సూట్‌కేసు అడుగున ఆరు బాణాలు పెట్టుకెళ్లాను, ములుకులు తీసేసి. మా అక్క కొడుకు అక్కడ కాంపౌండ్ విల్లుతో (కొనల్లో చక్రాలుండే విల్లు) ప్రాక్టీస్ చేస్తుంటాడు, వాడికి చూపిద్దామని. వాడు ఒకటి తీసుకుని వెనకవైపు వేలితో తడిమి, "ఇవేంటి మావయ్యా, ఇంత పెద్ద రెక్కలు కట్టావు? గాలికి ఆగిపోదూ?" అని ఒకటే నవ్వు.

వాడి లెక్క వాడికి కరెక్టే. వాడు కొట్టేది 50 మీటర్ల అవతల కాగితం మీద. ముందర ములుకు నున్నగా ఉంటుంది, గాలికి దొరకదు, కాబట్టి వెనక వేలిగోరంత ఎత్తున్న ప్లాస్టిక్ రెక్కలు మూడుంటే చాలు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు కొట్టిన జ్యోతి సురేఖ ఈ ఊరమ్మాయే, 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ ఈ ఊరివాడే, అందుకని బెజవాడలో బాణం అంటే టార్గెట్ బాణమే. 1972 వన్యప్రాణుల చట్టం పుణ్యమా అని అక్కడ వేట మాట ఎవరూ ఎత్తరు కూడా. నా గోలంతా ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లతో. టార్గెట్ వాళ్ల బాణాలు చూసి ముచ్చటపడి, అవే చిన్న రెక్కలు వేయించుకుని, ముందర మాత్రం బ్లేడ్ల ములుకు బిగించి, అక్టోబరులో చెట్టెక్కి జింక కోసం కూర్చునే వాళ్లతో. ఎందుకంటే నేనూ అదే చేశాను.

బ్లేడ్ల ములుకు పెట్టామంటే బాణానికి ముందు కూడా రెక్కలు పెట్టినట్టే. విల్లు నుంచి బాణం ఏమాత్రం వంకరగా బయటికొచ్చినా ఆ బ్లేడ్లు గాలిని పట్టుకుని తమ దారిన లాక్కుపోతాయి. దాన్ని వెనక్కి లాగి దారిలో పెట్టాల్సింది ఈకలే, అంటే వెనకున్న ఆ రెక్కలే. చిన్నప్పుడు కృష్ణ ఇసకలో గాలిపటాలు ఎగరేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, తోక చాలకపోతే పటం గింగిరాలు కొడుతుంది. పుంఖానుపుంఖాలుగా అని రోజూ వాడేస్తాం గానీ, పుంఖం అంటే బాణానికి ఈకలు కట్టిన చివర అని ఎంతమందికి గుర్తుంటుంది?

నా మొదటి సీజన్ సంగతి. వేసవంతా మామూలు ములుకులతో ప్రాక్టీస్ చేశాను, పాతిక గజాల్లో అన్నీ అరచెయ్యంత చోట పడేవి. చిన్న రెక్కలైతే స్పీడ్ తగ్గదని దుకాణంలో కుర్రాడు చెప్తే నమ్మాను. తీరా ఆ సాయంత్రం అదే పాతిక గజాల్లో మగ జింక పక్కకి తిరిగి నిలబడింది. వదలగానే బాణం వెనక భాగం ఊగుతూ వెళ్లడం కళ్లారా చూశాను. జానెడు వెనగ్గా, పొట్టలో తగిలింది. రాత్రి పదకొండు దాకా టార్చిలైట్లు పట్టుకుని తడి ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతికాం, తెల్లారాక వాగు పక్కన దొరికింది. అది ఎంతసేపు ఓర్చుకుందో నాకు తెలీదు. ఇంట్లో ఈ సంగతి ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు.

ఇంతా చేసి ఆ స్పీడ్ వల్ల కలిసొచ్చేదేంటో చూడండి. సెకనుకి 280 అడుగులు పోయే బాణం పాతిక గజాలు దాటడానికి సెకనులో పావు వంతు పైచిలుకు పడుతుంది. దాన్ని 290కి పెంచితే మిగిలేది సెకనులో నూరో వంతు కూడా కాదు. ఈలోగా అల్లెతాడు చప్పుడు జింక చెవికి ఎప్పుడో చేరిపోయి ఉంటుంది, చప్పుడు సెకనుకి 1100 అడుగులు పోతుంది మరి.

అందుకని కాంపౌండ్ విల్లు వాడేవాళ్లు కాస్త ఎత్తున్న ప్లాస్టిక్ రెక్కలు తీసుకుని, తిన్నగా కాకుండా మెలిక వచ్చేలా అతికించుకోండి, బాణం తిరుగుతూ వెళ్లి త్వరగా కుదురుకుంటుంది. మెలిక మరీ ఎక్కువైతే బాణం ఆనే రెస్ట్‌కో, విల్లు చక్రాల మధ్య ఉండే కేబుల్‌కో రాసుకుంటుంది, రెక్కల మీద పౌడరు అద్ది ఒకసారి వేస్తే ఎక్కడ తగిలిందో మరకే చెప్తుంది. నిజం ఈకలంటే నాకూ మోజే, తేలిగ్గా ఉంటాయి, చెక్క విల్లు పక్కకి ఆనించి వేసేవాళ్లకైతే అవే కావాలి, ఎందుకంటే విల్లుకి తగిలినా ఈక వంగి ఊరుకుంటుంది, ప్లాస్టిక్ అయితే బాణాన్నే పక్కకి తన్నేస్తుంది. కానీ ఒహాయో నవంబరు వానలో నానితే ఈక తడిసిన కోడిలా ముడుచుకుపోతుంది, పైగా గాల్లో బుసకొడుతుంది. కాంపౌండ్‌కి నేను ఈకలు మానేశాను.

కోడి అంటే గుర్తొచ్చింది. ఈకలు కూడా కొంటారని విని మా అక్క, "డబ్బులెక్కువయ్యాయా ఏంట్రా? పందేల మర్నాడు ఏ తోటలోకెళ్లినా బస్తాడు ఏరుకోవచ్చు" అంది. పుంజు ఈకకి ఆ బిగువు చాలదక్కా, టర్కీ కోడి రెక్కలో పెద్ద ఈకలు కావాలి, అదీ ఒక బాణానికి మూడూ కుడి రెక్కవో, మూడూ ఎడమ రెక్కవో అయ్యుండాలి, లేకపోతే వంపులు కలవవు అన్నాను. అక్క నన్ను వింతగా చూసింది. అన్నట్టు, ట్రెయిల్ మీద గద్ద ఈక దొరికిందని సంబరపడి బాణానికి కట్టేరు సుమా, కింద పడినదైనా సరే దగ్గర ఉంచుకోవడం అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం.

రంగు మాత్రం కొట్టొచ్చినట్టు ఉండేదే తీసుకోండి, బాణం ఎక్కడ తగిలిందో కనపడుతుంది, తర్వాత వెతుక్కోవడానికీ సులువు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడూ కిరాతుడూ ఒకే పందిని కొట్టి, నా బాణమంటే నా బాణమని కలబడ్డారు కదా, ఇద్దరూ చెరో రంగు ఈకలు కట్టుకుని ఉంటే ఆ తగువే లేకపోయేది. పాశుపతమూ వచ్చేది కాదనుకోండి.

ఏ రెక్కలు వేసినా సీజన్‌కి ముందు ఇరవై గజాల్లో మామూలు ములుకుతో ఒకటి, బ్లేడ్ల ములుకుతో ఒకటి వేసి చూడండి. రెండూ ఒకే చోట పడకపోతే విల్లు సరిచేయించండి, అప్పటిదాకా అడవికి వెళ్లకండి.

బెజవాడ నుంచి వచ్చేటప్పుడు ఆ ఆరు బాణాలూ మా అక్క కొడుక్కే ఇచ్చేశాను. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, నీ బాణాలు 50 మీటర్లలో కిందకి పడుతున్నాయి" అన్నాడు. పడతాయిరా, అవి కాగితం కోసం కట్టినవి కాదు అన్నాను.