స్కూటర్ వెనక మోగే ప్రతి శబ్దమూ బెల్టుది కాదు

"స్కూటర్ వెనక నుంచి శబ్దం వస్తోందా? బెల్టు పోయినట్టే. ఎడమవైపు కవరు విప్పి డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొట్టండి, రోలర్లకు గ్రీజు పట్టించండి, ఇంజిన్ ఆయిల్ ఇంకాస్త చిక్కటిది పోయించండి. అశ్రద్ధ చేస్తే బెల్టు తెగి చక్రం పట్టేస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది." మాటలు అటూ ఇటూ మారుతూ ఈ సలహా బంధువుల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ ఇందులో చెప్పింది చెప్పినట్టు చేస్తే బాగున్న బండి కూడా షెడ్డుకి చేరుతుంది.

మొదటి మాట దగ్గరే అసలు చిక్కుంది: "శబ్దం వస్తే బెల్టే."

కైనెటిక్ హోండా రోజుల నుంచి ఇప్పటి యాక్టివా, జూపిటర్, యాక్సెస్ దాకా గేర్లు మార్చక్కర్లేని పెట్రోలు స్కూటర్ల ఏర్పాటు దాదాపు ఒకటే. ఎడమవైపు పొడుగాటి కవరు కింద ముందు వైపు వేరియేటర్, అంటే ఇంజిన్ తిప్పే ముందు పుల్లీ ఉంటుంది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ దాని లోపలి రోలర్లు బయటికి జరిగి పుల్లీని నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక బెల్టు తిప్పే ఇంకో పుల్లీ, గట్టి స్ప్రింగు, వేగం పెరిగితే విచ్చుకునే క్లచ్ షూలు, అవి పట్టుకునే గిన్నెలాంటి క్లచ్ బెల్ వాటి చుట్టూ. ఆ బెల్ నుంచి ఒక షాఫ్టు చిన్న గేరు పెట్టెలోకి, అక్కణ్ణుంచి చక్రానికి. శబ్దం వీటిలో ఎక్కడినుంచైనా రావచ్చు. పైగా ఆ చోట్లోనే వెనక బ్రేకు డ్రమ్ము, చక్రం బేరింగులు, సైలెన్సర్ మీది రేకు కూడా ఉన్నాయి. చెవికి అన్నీ "వెనక నుంచే" వినిపిస్తాయి.

శబ్దం కీచుమందా, గరగరలాడిందా అన్నది పెద్దగా పనికిరాదు. ఒకరికి కీచు అనిపించింది ఇంకొకరికి కిర్రు అనిపిస్తుంది. అది దేనితో పాటు పెరుగుతోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నదే పట్టిస్తుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ వేరియేటర్, బెల్టు, వెనక పుల్లీ తిరుగుతూనే ఉంటాయి, బండి కదలకపోయినా. క్లచ్ బెల్, గేరు పెట్టె, చక్రం మాత్రం క్లచ్ పట్టాకే ఇంజిన్‌తో కలుస్తాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని ఇంటిదగ్గరే అయిపోతుంది.

ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండు వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇప్పుడు బెల్టు తిరగదు, ఎందుకంటే క్లచ్ షూలు బెల్‌ని పట్టుకోలేదు. ఈ స్థితిలో గరగరమంటే అది గేరు పెట్టె బేరింగో, చక్రం బేరింగో, డ్రమ్ముకి ఒరుసుకుంటున్న బ్రేకు షూనో. బెల్టు మార్చి బిల్లు కట్టినా ఆ గరగర అలాగే ఉంటుంది.

తర్వాత బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వినండి. గలగల మోత ఉండి, కాస్త రేజ్ చేయగానే మాయమైతే వేరియేటర్‌ని అనుమానించాలి. అరిగి చదును తేలిన రోలర్లు, ర్యాంప్ ప్లేటు (రోలర్లకు ఆనుకుని ఉండే పళ్లెం) అంచుల్లో ఉండే ప్లాస్టిక్ ముక్కలు తక్కువ వేగంలో వదులుగా కొట్టుకుంటాయి, వేగం పెరిగితే రోలర్లు బిగుసుకుని నోరు మూసుకుంటాయి. ఆ ప్లాస్టిక్ ముక్కలు చాలా చవక. వాటి వల్ల వచ్చిన మోతకి బెల్టు, వేరియేటర్ రెండూ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

కిక్ ఉన్న బండ్లలో ఇంకో దొంగ ఉంది. కిక్ కొట్టినప్పుడు ముందుకొచ్చి పుల్లీని పట్టుకునే పళ్ల చక్రం సరిగ్గా వెనక్కి వెళ్లకపోతే తిరుగుతున్న పుల్లీకి తగిలి లోహం కోసినట్టు అరుస్తుంది. అరుపు వస్తున్నప్పుడు కిక్ కడ్డీని కాలితో కొంచెం కదిపి చూస్తే శబ్దం మారుతుంది. ఇది తెలియక ఇంజిన్ విప్పించుకోవద్దు.

ఆగి బయల్దేరేటప్పుడు మాత్రమే కీచుమని, బండి వణికి, వేగం అందుకోగానే అంతా సర్దుకుంటే అది క్లచ్. షూల మీద మెరుపు పేరుకుని, బెల్ లోపల పొడి చేరితే ఇలా అవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు దీనికి ముఖ్య కారణం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ పాక్కుంటూ పోయే బండికి ఈ రోగం తొందరగా వస్తుంది. షూలు మందంగా ఉంటే ఉప్పుకాగితంతో గరుకు చేసి, పొడి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఆ పొడిని నోటితో ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మరి బెల్టుకి శబ్దమే ఉండదా? ఉంటుంది. అంచులు పీచు లేచిన బెల్టు కవరుకి తగిలి టపటపమంటుంది. కానీ చాలా బెల్టులు చప్పుడు చేయకుండానే అరిగిపోతాయి. అరిగి సన్నబడిన బెల్టు ముందు పుల్లీలో ఎక్కాల్సినంత ఎత్తుకు ఎక్కలేదు, అందుకని గరిష్ఠ వేగం తగ్గుతుంది. అంటే ఈ సలహా రెండువైపులా తప్పుదారి పట్టిస్తోంది: మోగితే బెల్టు అనుకోమంటోంది, మోగకపోతే బెల్టు బాగుందనిపిస్తోంది. బెల్టుని చెవితో కాదు, కిలోమీటర్లతోనూ వెర్నియర్‌తో కొలిచిన వెడల్పుతోనూ చూడాలి. చాలా స్కూటర్లకు మార్చే సమయం 20,000 – 25,000 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది.

"డబ్ల్యూడీ-40 కొట్టండి." వద్దు. బెల్టు పనిచేసేదే పుల్లీ గోడల రాపిడితో. దాని మీద నూనె పడితే జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే త్వరగా పోతుంది. స్ప్రే తుంపరలు క్లచ్ షూల మీదా పడతాయి. కొట్టగానే శబ్దం ఆగిందని కొందరు సంబరపడతారు, ఆగింది పట్టు కూడా. వరద నీళ్లలోంచి వచ్చాక రేజ్ చేసినా బండి కదలకపోవడం చూసే ఉంటారు. లోపలికి నీళ్లు పోయి బెల్టు జారడమే అది. నీరు ఆరిపోతుంది, నూనె ఆరదు.

"రోలర్లకు గ్రీజు" కూడా ఇలాంటిదే. ఇప్పటి స్కూటర్లలో ఎక్కువ వాటికి రోలర్లు పొడిగానే తిరగాలి. గ్రీజు పెడితే బెల్టు పొడిని పట్టుకుని ముద్దవుతుంది, రోలర్లు కదలవు, మిగిలింది చిమ్మి బెల్టు మీద పడుతుంది. కవరు లోపల గ్రీజు అక్కర్లేదని కాదు. వెనక పుల్లీ లోపలి పిన్నుల దగ్గర, కిక్ షాఫ్టు దగ్గర కావాలి, అదీ మాన్యువల్ చెప్పిన రకం, చెప్పినంత.

"చిక్కటి ఇంజిన్ ఆయిల్" సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఆ కవరు లోపలికి ఇంజిన్ ఆయిల్ రాదు, రాకూడదు. స్కూటర్‌ది పొడి క్లచ్, అంటే ఆయిల్ తగలనిది. గేర్ల మోటార్‌సైకిల్ క్లచ్ మామూలుగా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే స్కూటర్ ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణం) ఎంబీ అనీ, గేర్ల మోటార్‌సైకిల్ ఆయిల్ మీద ఎంఏ అనీ ఉంటుంది.

ఈ సలహా అసలు ఎత్తనిది గేరు ఆయిల్. గేర్లు లేని బండికి గేరు ఆయిల్ ఏమిటని నవ్వేవాళ్లు ఉన్నారు. చక్రం దగ్గరి ఆ చిన్న పెట్టెలో వంద మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ ఆయిల్ ఉంటుంది, ఇంజిన్‌తో సంబంధం లేకుండా. సర్వీసింగుల్లో దాన్ని వదిలేయడం మామూలే. బండి వేగంతో పాటు పెరిగే హోరు, ఇంజిన్ ఆపి తోసినా వినిపిస్తుంటే, ముందు ఈ గేరు ఆయిల్‌ని బయటికి తీసి చూడాలి. పాలు కలిపినట్టుంటే నీరు చేరింది. వేళ్లకి లోహపు మెరుపు అంటితే గేరు పళ్లో, బేరింగులో అరుగుతున్నాయి. ఆయిల్ మార్పు ఖర్చు బెల్టు ఖర్చులో చిన్న వంతు.

ఈ మధ్య ఇదే సలహాను ఎలక్ట్రిక్ బండ్లకూ పంపుతున్నారు. ఐక్యూబ్‌లో మోటారు చక్రంలోనే ఉంటుంది, బెల్టే లేదు. ఏథర్ 450లో ఉన్నది పళ్ల బెల్టు, దాని లెక్క వేరు.

ఇక చివరి భయం, చక్రం పట్టేయడం. బెల్టు తెగితే మామూలుగా జరిగేది ఏమిటంటే ఇంజిన్ అరుస్తుంది, చక్రానికి లాగుడు అందదు, బండి తన ఊపులో తాను పోతుంది. ముక్కలు చుట్టుకుని అడ్డుపడటం అసాధ్యమని చెప్పను, కానీ ఎక్కువమంది తోసుకుంటూ ఇంటికి వచ్చినవాళ్లే. అలా జరిగితే యాక్సిలరేటర్ వదిలేసి, అద్దం చూసుకుని, ఎడమ పక్కకి చేరి ఇంజిన్ ఆపండి. మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి చూడకండి. బెల్టు ముక్కలు లోపల పుల్లీలకు తగులుతూ ఉంటాయి.