సన్మానం దక్కని చవక ఎస్ఎస్‌డీ వీరుడు

మన దగ్గర సన్మానాలకు కొదవ లేదు. పదవి వచ్చినవాడికి, పదవి పోయినవాడికి, ఏమీ రాకపోయినా ఫంక్షన్ హాల్ బుక్ చేసుకోగలిగినవాడికి శాలువాలు కప్పుతూనే ఉన్నాం. కానీ పాత లాప్‌టాప్‌లో వేసుకోవడానికి 480 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా మెమరీ చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) కొనబోయి, పేరున్నదానికీ పేరు లేనిదానికీ మధ్య నాలుగొందల రూపాయల తేడా పసిగట్టి, ఆ నాలుగొందలు కాపాడుకోవడానికి వారం రోజులు నిద్ర మానేసిన మధ్యతరగతి మనిషిని ఇంతవరకూ ఒక్కరూ వేదిక ఎక్కించలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే నేను కలం పట్టాను.

ముందు ఆయన కష్టం తెలుసుకోవాలి. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్. బటన్ నొక్కి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఎస్ఎస్‌డీ వేస్తే కొత్త లాప్‌టాప్‌లా పరిగెడుతుందని ఎవరో చెప్పారు. ఇందులో వ్యంగ్యం లేదు, నిజంగానే పరిగెడుతుంది, పాత మెషీన్‌కి ఇంతకన్నా తక్కువ ఖర్చులో పునర్జన్మ దొరకదు. ఎంత నాసిరకం ఎస్ఎస్‌డీ అయినా ఆ హార్డ్‌డిస్క్ ముందు చిరుతపులే, కనీసం మొదటి వారం. ఈ వ్యాపారం మొత్తం నిలబడింది ఆ మొదటి వారం మీదే.

ఇక ఆయన పరిశోధన చూడండి. ముందు యూట్యూబ్. తర్వాత కొన్నవాళ్ల రివ్యూలు, "డెలివరీ బాయ్ మర్యాదగా మాట్లాడాడు, ఫైవ్ స్టార్" అన్నదాన్ని కూడా వదలకుండా. చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సరుకు దొరికే చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడ జరిగే శాస్త్ర చర్చ దాదాపు ఇలా ఉంటుంది.

"బ్రాండెడ్ కావాలా సార్, నార్మల్ కావాలా?"

"తేడా ఏంటన్నా?"

"స్పీడ్ రెండూ సేమ్ సార్. వారంటీ కూడా రెండూ త్రీ ఇయర్సే."

"మరి ఏది బాగుంటుంది?"

"మీరు ఏది తీసుకుంటే అది సార్."

ఇంత నిజాయితీగా ఏ రివ్యూ రాసినవాడూ సమాధానం చెప్పలేదు.

సరిగ్గా ఈ దశలోనే మన వీరుడికి టీబీడబ్ల్యూ తగులుతుంది. డ్రైవ్ మీద మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ చెల్లుతుందో చెప్పే లెక్క అది. క్రూషల్ బీఎక్స్500లో 480 జీబీ రకానికి 120 టీబీ. శాంసంగ్ 870 ఈవోలో 500 జీబీ రకానికి 300 టీబీ. 120 ఎక్కడ, 300 ఎక్కడ! వెంటనే టెన్షన్ మొదలు. ఆయన రోజంతా చేసే పని నాలుగు ఎక్సెల్ ఫైళ్లు, ముప్పై ట్యాబులు, సాయంత్రం ఓ సినిమా. విండోస్ తెరవెనక రాసుకునేది కూడా కలిపి రోజుకు 20 జీబీ అనుకుందాం, అది చాలా ఉదారమైన లెక్క. ఆ లెక్కన 120 టీబీ నిండడానికి 6000 రోజులు, అంటే పదహారేళ్ల పైమాట. 300 టీబీకైతే 41 ఏళ్లు. ఈలోగా నాలుగో ఏట లాప్‌టాప్ హింజ్ విరుగుతుంది, ఐదో ఏట ఛార్జింగ్ పిన్ వదులవుతుంది, ఆరో ఏట పిల్లాడు కీబోర్డ్ మీద మంచినీళ్లు ఒలకబోస్తాడు. అయినా పదహారో ఏట ఎస్ఎస్‌డీ అరిగిపోతే ఏం గతి అన్న దిగులు మాత్రం ఆయన్ని వదలదు. పేరు లేని డ్రైవ్ డబ్బా మీద టీబీడబ్ల్యూ అసలు వేయనే వేయరు. హద్దు రాయలేదంటే హద్దు లేదనే కదా, అని ఆయన సంతోషిస్తాడు.

అమెరికాలో టెక్ రిపోర్ట్ అనే పత్రిక వాళ్లు 2013 ఆగస్టులో ఆరు డ్రైవులను కూర్చోబెట్టి, రాసి రాసి చంపాలని పట్టుబట్టారు. అన్నీ 240 నుంచి 256 జీబీ లోపు రకాలే. 700 టీబీ దాటకుండా ఒక్కటీ పోలేదు. ఒక శాంసంగ్ 840 ప్రో 2400 టీబీ దాకా లాగి, 2015లో గానీ ప్రాణం విడవలేదు. వాటిలో ఇంటెల్ 335 కథ వేరు. అరుగుదల హద్దు రాగానే ఇక రాయనంటే రాయనని భీష్మించుకుంది, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి కంప్యూటర్‌కి కనిపించడమే మానేసింది. కంపెనీ దాన్ని తయారు చేసిందే అలాగట. ఇంతకీ తేలిందేమిటంటే మామూలు మనిషి వాడకంలో ఎస్ఎస్‌డీని చంపేది అరుగుదల కాదు. డ్రైవును నడిపించే కంట్రోలర్ చిప్ ఒకరోజు మొండికేయడం, దాని లోపలి ప్రోగ్రాం అయిన ఫర్మ్‌వేర్‌లో పొరపాటు, సరిగా లేని సోల్డరింగ్, మధ్యలో కరెంటు పోవడం, ఇవీ అసలు యముళ్లు. కానీ వీటిలో ఒక్కదానికీ డబ్బా మీద అంకె ఉండదు, అంకె లేనిదాన్ని పోల్చడం కుదరదు, పోల్చడం కుదరనిది మన వీరుడి దృష్టిలో లేనట్టే.

అంకెలంటే గుర్తొచ్చింది, ఇంకొకటుంది. చాలా మోడళ్ల మీద ఎంటీబీఎఫ్, అంటే సగటున ఎన్ని గంటలకోసారి పాడవుతుందన్న లెక్క, 15 లక్షల గంటలు అని ఉంటుంది. భాగించి చూడండి, 171 ఏళ్లు. ఇప్పటి నుంచి అన్నేళ్లు వెనక్కి వెళితే సిపాయిల తిరుగుబాటు కూడా ఇంకా మొదలవలేదు. ఇంత దీర్ఘాయుష్మంతుడికి కంపెనీ ఇచ్చే వారంటీ మాత్రం మూడేళ్లు, మహా అయితే ఐదు. నిజానికి ఆ లెక్క ఒక్క డ్రైవ్ ఆయుష్షు గురించి కాదు, వెయ్యి డ్రైవులను ఏడాదంతా ఆపకుండా నడిపితే ఓ ఆరు పోవచ్చని చెప్పే అంచనా. ఆ ఆరింటిలో మనది ఉండదని నమ్మడానికి మన వీరుడి దగ్గర ఉన్న ఆధారం ఆయన జాతకం.

ఇప్పుడు చవక ఎందుకు చవకో చూద్దాం. మన అమీర్‌పేట హాస్టళ్లు తెలిసినవాడికి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఒక్కో మెమరీ గదిలో ఒక్క బిట్ (డేటాలో అతి చిన్న ముక్క) ఉంటే ఎస్ఎల్‌సీ, సింగిల్ రూమ్ అన్నమాట. రెండుంటే ఎంఎల్‌సీ, మూడుంటే టీఎల్‌సీ, నాలుగుంటే క్యూఎల్‌సీ, అంటే ఫోర్ షేరింగ్. గది అదే, గోడలు అవే, మనుషులు పెరిగేకొద్దీ తలకు అద్దె తగ్గుతుంది. కాకపోతే ఫోర్ షేరింగ్‌లో ఆ గది పదహారు రకాల వోల్టేజీలను తేడా తెలిసేలా పట్టుకోవాలి, కాబట్టి రాయడం నెమ్మదిస్తుంది, అరుగుదలా ఎక్కువే. ఈ నెమ్మది బయటికి తెలియకుండా ఒక ఏర్పాటు ఉంది. వచ్చిన డేటాను వచ్చినట్టు ఖాళీ గదుల్లో సింగిల్‌గా దింపి మర్యాద చేస్తారు, తీరిక దొరికాక నలుగురేసి చొప్పున సర్దుతారు. అందుకే పది జీబీ సినిమా కాపీ చేసినప్పుడు సెకనుకు 450 ఎంబీ వేగం కనబడి మన వీరుడి ఛాతీ ఉప్పొంగుతుంది. అదే డ్రైవులోకి ఓ పెళ్లి ఫోటోగ్రాఫర్ 200 జీబీ వీడియో దింపబోతే, ఖాళీ గదులు అయిపోయిన క్షణం నుంచి వేగం పాత హార్డ్‌డిస్క్ కన్నా కిందికి జారుతుంది. పెళ్లికూతురు అత్తారింటికి చేరినా తలంబ్రాలు ఇంకా కాపీ అవుతూనే ఉంటాయి.

ఈ షేరింగ్ సంగతి డబ్బా మీద రాస్తారనుకోకండి. రాసినా అలాగే ఉంటుందనుకోకండి. 2014లో కింగ్‌స్టన్ వీ300 పేరు మార్చకుండానే లోపలి మెమరీ నెమ్మది రకానికి మారిందని టెస్టుల్లో బయటపడింది. క్రూషల్ పీ2 టీఎల్‌సీతో మార్కెట్లోకి వచ్చి, రివ్యూలన్నీ అయిపోయాక క్యూఎల్‌సీగా మారినట్టు 2021లో తేలింది. అదే ఏడాది డబ్ల్యూడీ బ్లూ ఎస్ఎన్550 కూడా లోపల మెమరీ మార్చుకుంది, క్యాష్, అంటే ఆ సింగిల్ గదులు, నిండాక వేగం బాగా పడిపోయిందని జనం పట్టుకుంటే కంపెనీ ఒప్పుకుని, ఇకమీదట ఇలాంటి మార్పు చేస్తే కొత్త మోడల్ నంబరు పెడతామంది. అంటే చదివిన రివ్యూ ఒక డ్రైవ్ గురించి, కొన్న డ్రైవ్ ఇంకోటి.

ఈ మాట వినగానే మన వీరుడి కళ్లు మెరుస్తాయి. "చూశారా! డబ్బెక్కువ పెట్టినవాడికీ ఇదే గతి. మరి నేనెందుకు పెట్టాలి?" ఆయన తర్కానికి ఇంకాస్త బలం నేనే ఇస్తాను. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్లు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక పంపింది. కొన్ని ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే మూడేళ్ల తొమ్మిది నెలలకు, డేటాతో సహా పనికిరాకుండా పోతాయని. ఫర్మ్‌వేర్‌లో గంటలు లెక్కపెట్టే చోట పొరపాటు. ఇవి పార్క్‌లేన్ సరుకు కాదు, పెద్ద పెద్ద సంస్థలు లెక్క చూడకుండా కొనే ఖరీదైన సరుకు. ఒకేరోజు బిగించినవన్నీ ఒకేరోజు పోవచ్చు కాబట్టి, ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందిలే అన్న ధీమా కూడా పనిచేయదు.

కానీ ఆ కథలో మన వీరుడు చదవకుండా దాటేసిన వాక్యం ఒకటుంది. గడువు రాకముందే కంపెనీ చెప్పింది, బాగుచేసిన ఫర్మ్‌వేర్ కూడా ఇచ్చింది. అదనపు నాలుగొందలు కొనేది ఇదీ. వేగం కాదు, 171 ఏళ్లూ కాదు, తప్పు జరిగినప్పుడు తిట్టడానికి ఒక చిరునామా. పేరు లేని డ్రైవుకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎవరిస్తారు? ఆ పేరు వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో తయారుచేసినవాడికే తెలియదు. స్టిక్కర్ మీద సింహం బొమ్మ ఉంటే చాలు, లోపల ఈ నెల ఏ చిప్ చవగ్గా దొరికితే అది. కొన్నింటిలో డ్రైవ్ తన వేడి ఎంతని చెబుతుందో చూస్తే సంక్రాంతికీ 40 డిగ్రీలే, రోహిణి కార్తెకూ 40 డిగ్రీలే. అంత స్థితప్రజ్ఞత యోగులకు కూడా కష్టం.

ఇలాంటి చర్చలో బావమరిది ఒకడు తప్పకుండా ఉంటాడు. "ఏదైతే ఏముంది బావా, అన్నీ చైనావే." మామూలుగా బావమరిది మాట కొట్టిపారేస్తాం గానీ ఇతను సగం కరెక్ట్. శాంసంగ్ మెమరీలో పెద్ద వాటా చైనాలోని షియాన్ ఫ్యాక్టరీదే. కియోక్సియా, శాన్‌డిస్క్ కలిసి జపాన్‌లో చేస్తాయి, వైఎంటీసీ చైనాలోని వూహాన్‌ది. ప్రపంచంలో ఈ చిప్పులు చేసేవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మన సింహం బ్రాండుకూ వాళ్ల దగ్గర నుంచే రావాలి. ఏ గంపలోంచి వచ్చిందన్నదే ప్రశ్న, ముందుగా ఏరిన గంపా, ఏరగా మిగిలిన గంపా.

వీరత్వంలో ఇంకో మెట్టు పైకెక్కినవాళ్లున్నారు, వాళ్లకైతే గండపెండేరం తొడగాలి. 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీని సెకండ్‌హ్యాండ్ ఫోన్ ధర కన్నా తక్కువకు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు. పెట్టె విప్పితే లోపల ఓ చిన్న మెమరీ కార్డు, అది 16 టీబీనని అబద్ధం చెప్పే ఫర్మ్‌వేర్. నిండాక కొత్త ఫైలు పాత ఫైలు మీదే పడుతుంది, జాబితాలో మాత్రం రెండూ కనిపిస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రాం ఒకటుంది, మొత్తం నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. వాడమంటే వినరు. ఐదు నక్షత్రాలు ఇచ్చేశాక నిజం తెలుసుకుని ఏం లాభం?

ఇంకొందరు పెళ్లి ఫోటోలన్నీ చవక ఎస్ఎస్‌డీలో వేసి, గుడ్డలో చుట్టి, బీరువాలో నగల పక్కన పెడతారు. మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ అనే సంస్థ లెక్క ప్రకారం, చెప్పిన టీబీడబ్ల్యూ మొత్తం వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలబెట్టుకుంటే చాలు. కొత్తదైతే అంతకన్నా చాలాకాలం ఆగుతుంది, నిజమే, కానీ వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మే నెలలో రెంటచింతలలో 30 డిగ్రీలు కావాలంటే బీరువాకు ఏసీ పెట్టించాలి.

ఇంత చదివాక కూడా మన వీరుడు సింహం బొమ్మదే కొన్నాడు. నాలుగొందలు మిగిలాయి. ఆ సంతోషంలో ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెప్పించాడు, బిల్లు తొమ్మిదొందలు.

పద్నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం డ్రైవ్ కనిపించలేదు. ముందస్తు చప్పుడు లేదు, నెమ్మదించడం లేదు. హార్డ్‌డిస్క్ అయితే పోయేముందు టకటకమని చెప్పి పోతుంది. డేటా రికవరీ వాళ్లు అడిగింది పది డ్రైవుల ఖరీదు, అదీ కంట్రోలర్ సహకరిస్తేనే, గ్యారంటీ లేదు. పాప అన్నప్రాసన వీడియో, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్‌లు, కొట్టు ట్యాలీ డేటా అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ పెట్టుకోలేదా అంటే, దానికి ఇంకో డ్రైవ్ కొనాలి కదండీ, అన్నాడు.

వారంటీ మాత్రం పనిచేసింది, అది ఒప్పుకోవాలి. కొరియర్ ఖర్చు తనదే అయినా నలభై రోజులకు కొత్త డ్రైవ్ వచ్చింది, అదే సింహం, సీల్ కూడా విప్పలేదు. ఇప్పుడు ఆయనకు దాని మీద నమ్మకం లేదు. ఫోటో తీసి, "సీల్డ్ పీస్, అర్జెంట్ సేల్, ఫిక్స్‌డ్ రేట్" అని అమ్మకానికి పెట్టాడు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పుణ్యమాని 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎక్కి కూర్చున్నాయి కదా, ఒక్క సాయంత్రంలో పదకొండు మంది మెసేజ్ చేశారు. అందరూ అడిగింది ఒకటే, నాలుగొందలు తగ్గిస్తారా అని.