పరీక్ష రాయనివాడికి పుస్తకమెందుకు?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో గుమ్మానికి ఎదురుగా ఉన్న గాజు తలుపుల బీరువా నెత్తిన “నూతన గ్రంథములు” అని నీలిరంగు అక్షరాలున్నాయి. వాటిని రాయించిన అధికారి రిటైరై చాలాకాలమైంది, రాసిన పెయింటరు ఫ్లెక్సీల వ్యాపారంలోకి మారాడు, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ బీరువాలో ఒక సామాన్య విజ్ఞాన గ్రంథం ఉంది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు, రాజధాని హైదరాబాదు, సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలు. రాష్ట్రం 2014లో రెండైన మాట నిజమే, ప్లూటోను ఖగోళ శాస్త్రజ్ఞులు 2006లోనే గ్రహాల జాబితాలోంచి తొలగించిన మాటా నిజమే. కాని ఈ మేరకు పైనుంచి ఉత్తర్వులేవీ అందనందువల్ల మా గ్రంథాలయం ప్లూటోను ఇప్పటికీ సర్వీసులోనే ఉంచింది. ఆ పుస్తకాన్ని పాతదని అనడానికి వీల్లేదు. ఇంతవరకు ఎవరూ తెరవలేదు కనుక కాగితం ఇంకా పెళపెళలాడుతూనే ఉంది.

దాన్ని మినహాయిస్తే బీరువాలో మిగిలినవి రెండే జాతులు. మొదటిది పోటీ పరీక్షల గైడ్లు, వాటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రెండోది వ్యక్తిత్వ వికాసం. ఈ జాతి పుస్తకాన్ని అట్ట చూసి గుర్తుపట్టవచ్చు: కోటు తొడుక్కున్న ఒక మనిషి కొండ శిఖరం మీద నిలబడి రెండు చేతులూ బార్లా చాపుకుని ఉంటాడు; కొండ దొరకని చోట మెట్లుంటాయి; మెట్లు కూడా లేకపోతే డేగ ఉంటుంది. రెంటచింతల ఎండల్లో పుట్టి పెరిగిన పాఠకుడు ఆ కోటు వంక ఎంత ఆశగా చూడాలో సంపాదకులకే తెలియాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని ఆ పుస్తకం మనకు హితవు చెబుతుంది. పాలు పితికేవాళ్లూ, పువ్వుల మార్కెట్టుకు మూటలు మోసేవాళ్లూ తాతల కాలం నుంచీ నాలుగింటికే లేస్తున్నా వాళ్లలో ఒక్కరూ ఇంకా కోటీశ్వరులు కాకపోవడానికి కారణం మాత్రం ఏ అధ్యాయంలోనూ దొరకదు.

మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో మానవ విజ్ఞానాన్నంతటినీ 000 నుంచి 999 వరకు వెయ్యి గదుల ఇల్లుగా కట్టి, ప్రతి పుస్తకానికీ ఒక గది చూపించాడు. రసాయన శాస్త్రానికి 540, వైద్యానికి 610, వ్యవసాయానికి 630, భారతదేశ చరిత్రకు 954. మన గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే పెద్దలు ఆ ఇల్లంతా తిరిగి చూసి, ఆత్మోన్నతి పాఠాలుండే 158వ గది గాలీ వెలుతురూ బాగున్నాయని అందులోనే కాపురం పెట్టారు. మిగిలిన తొమ్మిదివందల తొంభై తొమ్మిది గదులకూ తాళాలు వేసి ఉన్నాయి.

ఇక గైడ్ల సంగతి. పొద్దున తొమ్మిది గంటలకు ఏ పట్టణంలో గ్రంథాలయానికి వెళ్లినా నీళ్ల సీసా, భోజనం క్యారేజీ, సొంత పుస్తకాల సంచీతో వచ్చి, గోడవారగా ఫ్యాను కింద చోటు పట్టుకునే పిల్లలు కనబడతారు. ఎప్పుడు పడుతుందో తెలియని నోటిఫికేషన్ కోసం సంవత్సరాల తరబడి చదువుతున్న ఆ పిల్లల మీద ఈ వ్యాసకర్తకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఉద్యోగం ఇవ్వలేని ప్రభుత్వం కనీసం ఒక కుర్చీ ఇచ్చింది, ఆ కుర్చీ మీద వాళ్లకు సంపూర్ణమైన హక్కు ఉంది. వచ్చిన చిక్కల్లా ఆ కుర్చీ లెక్క చూపించి పుస్తకాల లెక్క మూసేసిన తెలివితేటలతోనే. హాలు నిండుగా ఉంది కనుక గ్రంథాలయం వర్ధిల్లుతున్నట్టు నివేదిక పైకి వెళుతుంది. అలా నిండిన హాల్లో గ్రంథాలయానికి చెందిన పుస్తకం ఎవరి చేతిలోనైనా ఉందా అని అడిగే గడి ఆ నివేదికలో ఉన్నట్టు లేదు.

అయితే కొత్త పుస్తకాలు అసలే రావడం లేదని చెబితే అన్యాయమవుతుంది. వస్తాయి, వాటిని చూడాలంటే గ్రంథాలయ వారోత్సవాల దాకా ఆగాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఈ ఉత్సవం జరుగుతుంది. సంవత్సరంలో మిగిలిన వారాలు దాని నుంచి కోలుకోవడానికి కేటాయించినవి. అందులో ఒక రోజు విధిగా నూతన గ్రంథ ప్రదర్శన ఉంటుంది. బల్లల మీద తెల్లదుప్పట్లు పరిచి, కట్టలు విప్పి, పుస్తకాలను ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి నిలువెత్తున నమస్కరిస్తూ ఉంటారు. ఆయన మోచేతి దగ్గర, తపాలా బిళ్లంత చోటులో, ఎస్.ఆర్. రంగనాథన్ గారు ఉంటారు. పాపం, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన మహానుభావుడు కనుక, రెండో సూత్రమైన “ప్రతి పాఠకుడికీ తన పుస్తకం” అన్నది ఫ్లెక్సీ అడుగున, మైకు స్టాండు సరిగ్గా అడ్డం వచ్చే చోట ముద్రించి ఉంటుంది.

ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, రిబ్బను కత్తిరించి, సెల్‌ఫోన్ల వల్ల యువత పుస్తక పఠనానికి దూరమవుతోందని ఆవేదన వ్యక్తం చేస్తారు. ఆ ఆవేదనను ముందు వరసలోని వారు సెల్‌ఫోన్లలో చిత్రీకరిస్తారు. “గ్రంథాలయాల ఆవశ్యకత” అనే అంశం మీద వ్యాసం రాసి మొదటి బహుమతి గెలుచుకున్న ఎనిమిదో తరగతి అమ్మాయికి స్టీలు టిఫిన్ బాక్సు బహూకరిస్తారు. పుస్తకాల మధ్య నిలబడి, పుస్తకాలను గురించి బాగా రాసిన పిల్లకు పుస్తకం ఒక్కటి తప్ప ఏదైనా ఇవ్వవచ్చునన్న ఈ ఆలోచన ఎవరిదో గాని, ఆ బుర్రను 158వ గదిలోనే భద్రపరచాలి.

ఫొటోలు పూర్తయి శాలువాలు మడతపెడుతున్న సమయంలో, విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ప్రదర్శన బల్ల దగ్గర ఆగాడు. కృష్ణా జలాల పంపకం మీద ఒక పుస్తకం ఆయన కంటపడింది. ఆయన రోజూ టీకొట్టు దగ్గర 811 టీఎంసీల గురించి గంటల తరబడి వాదించే మనిషి. బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీల నీటిని మూడు రాష్ట్రాలకు పంచి, మన వంతు 800 ఇచ్చి, దాని మీద పునరుత్పత్తి జలాలు 11 కలిపితే ఆ అంకె వచ్చిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది దేవుడిచ్చిన అంకె అనుకుంటున్నాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని, బల్ల దగ్గరున్న గ్రంథాలయ ఉద్యోగిని అడిగాడు.

“అమ్మా, ఇది ఇంటికి ఇస్తారా?”

“కుదరదు తాతగారూ, ఇవి ప్రదర్శనకు పెట్టినవి.”

“ప్రదర్శన సాయంత్రానికి అయిపోతుంది కదమ్మా?”

“అయిపోగానే బీరువాలో పెట్టేస్తాం. వీటికి ఇంకా నంబర్లు పడలేదు. నంబరు వేసి, ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించాక గాని బయటికి ఇవ్వకూడదండీ.”

“ఎప్పుడు ఎక్కిస్తారు?”

“సారు రావాలి. ఆయనకు ఇంకో రెండు ఊళ్ల గ్రంథాలయాలు కూడా ఇన్‌చార్జి. బీరువా తాళం ఆయన దగ్గరే ఉంటుంది.” ఆ అమ్మాయి జాలిపడి, గొంతు తగ్గించి అడిగింది. “ఇంతకీ తాతగారూ, మీ మనవలెవరైనా గ్రూప్స్ రాస్తున్నారా?”

“లేదమ్మా. నాకే.”

“మీరు రాస్తున్నారా?”

“నేనేం రాస్తాను తల్లీ! ఊరికే, తెలుసుకుందామని.”

“ఊరికేనా?”

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా అదే హాల్లో తనూ గ్రూప్-2కు చదువుకుంటున్న మనిషి ఆమె. ఇన్‌చార్జి సారు తప్పు కూడా పెద్దగా లేదు. ఖాళీ పోస్టుల బరువంతా ఆయన మోటారు సైకిలు మీదే ఊరూరా తిరుగుతోంది, పుస్తకం పోతే దాని ఖరీదు తన జీతంలోంచి పోతుందన్న భయమూ ఆయనకు ఉంది. కాని ఆ “ఊరికేనా” అన్న ఒక్క ప్రశ్నలో మన గ్రంథాలయ విధానమంతా ఉంది. పరీక్ష రాసేవాడికి విషయం కావాలి, ఎందుకంటే దానికి మార్కులుంటాయి. జీవితంలో పైకి రావాలనుకునేవాడికి డేగ బొమ్మ కావాలి. పరీక్షా లేక, పైకి వచ్చే ఉద్దేశమూ లేక, తన పొలానికి వచ్చే నీరు ఏ లెక్కన వస్తోందో తెలుసుకోవాలనుకునే వయోజనుడనే జీవి ఒకటి ఉంటుందని ఊహించిన అధికారి ఎవరూ ఉన్నట్టు లేరు.

ఒకప్పుడు ఊహించినవాళ్లున్నారు. కొమర్రాజు లక్ష్మణరావు గారూ, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారూ, వారి మిత్రులూ కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మండలి తొలి పుస్తకంగా 1907లో వెలువడింది గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆ తర్వాత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు వరసగా వచ్చాయి. లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయాలన్నిటినీ ఒక తాటి మీదకు తేవడానికి 1914లో బెజవాడలో సంఘం పెట్టించారు. పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి, కాలువ గట్టున ఉన్న ఊళ్లకు పంపారు. పడవ ఎక్కి వచ్చిన ఆ పుస్తకాన్ని చదువుకోవడానికి గట్టు మీది రైతు ఏ పరీక్షకు దరఖాస్తు చేశాడో ఎవరూ అడిగినట్టు లేదు. వారోత్సవాల ఉపన్యాసాల్లో ఈ నలుగురి పేర్లూ వినబడతాయి. పుస్తకాలు కొనకుండా పూలదండలు కొనడానికి వాళ్ల ఫొటోలు బాగా ఉపయోగపడుతున్నాయి.

డబ్బు లేదంటారు. ఇక్కడ నాకు నవ్వు రాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. ఐదువేలు పన్ను కట్టే ఇంటి నుంచి నాలుగువందలు. చదువు రానివాడూ కడుతున్నాడు, గ్రంథాలయం గడప తొక్కనివాడూ కడుతున్నాడు. వసూలు చేసిన పంచాయతీలూ, మునిసిపాలిటీలూ ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. జమ చెయ్యని బకాయిల వార్తలు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా వస్తూనే ఉంటాయి. పుస్తకం కోసమని నా దగ్గర తీసుకున్న డబ్బుతో వీధిలైట్లు వేశారో, జీతాలిచ్చారో, ఫ్లెక్సీలే కట్టారో చెప్పే నాథుడు లేడు. పన్ను సొమ్ముతో గుడి కట్టించినందుకు కంచర్ల గోపన్నను గోలకొండ ఖైదులో పెట్టారు. పన్ను సొమ్ముతో ఏమీ కట్టనివాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పుతున్నాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి మూత్రపిండాలు పాడై మనుషులు చనిపోతున్నారు. ఇదీ కారణమని శాస్త్రం ఇంకా తేల్చి చెప్పలేకపోయింది. అక్కడ అక్షరం రాని ముసలమ్మ కూడా తన రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో అంకెతో సహా చెప్పగలదు. ఆ మాటకు అర్థమేమిటో, కిడ్నీ చేసే పనేమిటో, పరిశోధకులు ఇంతవరకు ఏం కనుక్కున్నారో, ఏం కనుక్కోలేదో ఆమె కొడుక్కి అర్థమయ్యే తెలుగులో చెప్పే పుస్తకం పక్క ఊరి గ్రంథాలయంలో ఉండాలా, వద్దా? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్న సంగతి 1937లోనే నెల్లూరు జిల్లా నుంచి వైద్య ప్రపంచానికి తెలిసింది. నల్లగొండ జిల్లాలో ఆ నీళ్లకు ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. వంగిపోయిన ఆ మనిషి వెళ్లి, తన ఒంటికేమైందో చెప్పే పుస్తకం ఇమ్మని అడిగితే, చేతులు బార్లా చాపుకుని నిటారుగా నిలబడ్డ కోటు మనిషి బొమ్మ ఇస్తారా? ఆత్మవిశ్వాసం పెంచుకోమంటారా? సిగ్గుండాలి.

ఇంత చెప్పినా పెద్దల దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: అలాంటి పుస్తకాలు జనం అడగడం లేదండీ. నిజమే. పాఠకుల సూచనల రిజిస్టరు తెరిచి చూస్తే దినపత్రికలు సకాలంలో తెప్పించమనీ, మరుగుదొడ్డికి నీళ్లు పెట్టించమనీ, ఫ్యాను బాగు చేయించమనీ రాసి ఉంటుంది. తాను చూడని పుస్తకాన్ని, ఉందని కూడా తెలియని పుస్తకాన్ని పేరు పెట్టి అడిగే పాఠకుడి కోసం వీళ్లు ఇంకా ఎదురు చూస్తున్నారు. చూపించవలసిన బాధ్యత తమదేనన్న అనుమానం మాత్రం వీళ్లకు రాదు. లైన్‌మన్‌గా పనిచేసిన ఆ పెద్దాయన పుస్తకాన్ని చూసిన మరుక్షణమే అడిగాడు, అడిగితే ఏమైందో మనం చూశాం. ఆ మాటకొస్తే, అయ్యా, 1907లో అమెరికా అధ్యక్షుడు లింకన్ జీవిత చరిత్ర తెలుగులో కావాలని కొమర్రాజు వారికి ఎంతమంది అర్జీలు పెట్టుకున్నారు?