పదిహేను నిమిషాల చేపల పులుసు

రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి ఇంటికి చేరే జనం మీద ఈ మధ్య కొందరికి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. ఆ జాలి మన ఫోన్లలోకి వీడియోల రూపంలో దిగుతోంది. 'ఇంట్లో ఉన్నవాటితోనే, పదిహేనే నిమిషాల్లో చేపల పులుసు!' మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే బెంగపడకండి, ఇది చదివారు కాబట్టి రేపు పొద్దుటికల్లా వస్తుంది.

సదరు మహానుభావుడు ఇంత తెల్లటి చొక్కా వేసుకుని వస్తాడు. చేపలు వండేవాడు తెల్ల చొక్కా వేసుకున్నాడంటేనే మనకు అనుమానం రావాలి. ముందున్న గాజు గిన్నెల్లో ఉల్లిపాయ తరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు రసం, కడిగి ఉప్పూ కారం పట్టించిన చేప ముక్కలు. పొలుసు లేదు, మొప్ప లేదు, నెత్తురు చుక్క లేదు. అప్పుడు గడియారం నొక్కుతాడు.

నూనె వేశాడు. ఉల్లిపాయలు వేశాడు. 'రెండు నిమిషాల్లో ఎర్రగా వేగిపోతాయి' అన్నాడు. వేగిపోయాయి కూడా! మన ఇళ్లలో స్టవ్ మీద వేగే ఉల్లిపాయ ఆయన దగ్గర ఎడిటింగ్‌లో వేగుతుంది. 'ఇంట్లో ఉండేదేగా' అంటూ ఓ కొబ్బరిపాల డబ్బా తెరిచాడు. మన అరలో ఉండేది పసుపు, ధనియాల పొడి, మెంతులు, ఎప్పుడు కొన్నామో తెలియని ఆవాల పొట్లం. ఆ డబ్బా ఎవరింట్లో ఉంటుందో ఆయనే చెప్పాలి. తర్వాత ముక్కలు వేసి, స్టీలు గరిటె పెట్టి గిరగిరా తిప్పాడు. అయ్యా, చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకను గుడ్డతో పట్టుకుని మెల్లగా ఊపాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముక్కలు చితికి ముద్దయ్యాయి. 'చూశారా, ఎంత సాఫ్ట్‌గా ఉడికిందో' అన్నాడు! పొగలు కక్కే పులుసు నోట్లో పెట్టుకుని, నాలుక తేరుకోకముందే కళ్లు మూసి 'ఆహా' అన్నాడు. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాల్లో ఆ పులుసును రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తింటారు. పాపం, వాళ్లకు ఇంటర్నెట్ అందలేదేమో.

అసలు పదిహేను నిమిషాల్లో అయ్యే చేప కూర ఒకటి నిజంగానే మన అరలో ఉంది. ఎండు నెత్తళ్లు. తలలు తుంచి, వేడినీళ్లలో కడిగి, టమాటాల్లో వేస్తే అన్నం ఉడికేలోపు కూర సిద్ధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగే రోజుల్లో ఎన్నో ఇళ్లకు అదే దిక్కు. దాన్ని మాత్రం ఎవరూ వీడియో తీయరు. తెల్ల చొక్కాకు వాసన పడుతుంది, పై అంతస్తులోంచి ఇంటి ఓనరూ దిగొస్తాడు.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ గాజు గిన్నె సంగతి చూద్దాం.

చేప చెరువులోంచి ముక్కలై ఎగిరొచ్చి గిన్నెలో పడదు. మార్కెట్లో తడి నేల మీద, కత్తిపీట ముందు ఒకామె పొద్దున్నుంచీ కూర్చుని ఉంటుంది. ఐసు నీళ్లకు వేళ్లు తిమ్మిరెక్కుతుంటాయి. రెక్క ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఓసారి విదిలించి మళ్లీ పొలుసు గీకుతుంది. పిత్తం పగిలితే చేదని బేరమాడినవాళ్లే ఆమెను తిడతారు. ఆమె కొట్టిచ్చిన ముక్కల్ని ఇంటికి తెచ్చాక ఉప్పూ పసుపూ వేసి రుద్ది, నీళ్లు తేటపడేదాకా కడగాలి. ఎవరు కడుగుతారు? అదే ఎనిమిదింటికి, అదే బస్సులో నిలబడి వచ్చిన ఆడమనిషి. కడిగాక సింకు తోమాలి. చెత్త మూట కట్టి కిందికి తీసుకెళ్లాలి. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా పోని వాసనతో ఆ చేతులే పిల్లాడి హోంవర్కు పుస్తకం తెరవాలి. ఇంతలో సోఫాలోంచి ఒక గొంతు, ఫోన్ చూపిస్తూ: 'పదిహేను నిమిషాల పనేగా!'

సిగ్గుండాలి. వీడియో తీసినవాడికీ, దాన్ని సాక్ష్యంగా చూపించేవాడికీ. ఆ గిన్నెల్లోకి అన్నీ తరిగి, కడిగి, నానబెట్టి పెట్టిన మనిషి ఒక్క క్షణమైనా తెర మీద కనబడిందా? పేరైనా చెప్పారా? ఆమె గంటన్నర కష్టాన్ని కత్తిరించి పారేసి, మిగిలిన పదిహేను నిమిషాలకు మీసం మెలేస్తారా?

కాబట్టి ప్రభుత్వానికి మనవి. చేపల వీడియో తీసేవాళ్లకు లైసెన్సు పెట్టాలి, దానికో పరీక్ష ఉండాలి. గాజు గిన్నెలు నిషిద్ధం. తెల్ల చొక్కా తప్పనిసరి. వంటగది తలుపు మూసి, సింకులో కిలోన్నర కొర్రమీనును బతికుండగానే వదలాలి. అది గాలి పీల్చే జాతి, నీళ్లు లేకపోయినా అంత తేలిగ్గా చావదు. జారిపోతే పట్టుకోవడానికి బూడిద అడుగుతాడు. ఇవ్వకూడదు. గడియారం అప్పుడు నొక్కాలి.