నిలబడి బతికేవాళ్ల కాళ్లకు లేజర్ వైద్యం అందాలి

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్లు షిఫ్టంతా కాళ్ల మీదే ఉంటారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, హోటళ్లలో వంట మాస్టర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లదీ అదే పరిస్థితి. పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బినా (వేరికోస్ వెయిన్స్), సాయంత్రానికి కాళ్లు బరువెక్కినా 'పనిలో మామూలే' అని సర్దుకుపోతారు. చీలమండ దగ్గర చర్మం నల్లబడి, దురద పెట్టి, పుండు పడ్డాకే ఆస్పత్రి గుర్తొస్తుంది. అప్పుడు కూడా చాలామందికి దక్కేది డ్రెస్సింగే.

నా బాధంతా ఇక్కడే. పుండు పైకి కనిపిస్తుంది కానీ జబ్బు సిరలో, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళంలో ఉంది. పైకి ఎక్కే రక్తం వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి తగ్గించకుండా నెలల తరబడి యాంటీబయాటిక్స్ మారుస్తూ పోతే పుండు మానినట్టే మాని మళ్లీ తిరగబెడుతుంది. 2018లో వెలువడిన బ్రిటన్ ఎవ్రా అధ్యయనం ఈ తేడాను లెక్కగట్టింది. బిగుతు కట్టుతో పాటు సిరకూ వెంటనే చికిత్స చేసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. సిర చికిత్స వాయిదా వేసినవాళ్లలో అందుకు 82 రోజులు పట్టింది. రోజుకూలీకి ఆ 26 రోజులంటే నెల సంపాదన.

పైగా ఇప్పుడు గజ్జల్లో కోసి సిరను లాగేయాల్సిన పనిలేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మోకాలి దగ్గర సూదితో సిరలోకి వెళ్తారు. వెంట్రుకలాంటి లేజర్ ఫైబర్‌ను గజ్జల దాకా పంపి, సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. నొప్పి తెలియకుండా ఉండటానికే కాదు, వేడికి చర్మం, నరం కాలకుండా కూడా అదే కాపాడుతుంది. ఫైబర్‌ను మెల్లగా వెనక్కి లాగుతుంటే సిర మూసుకుపోతుంది. రక్తం లోపలి సిరల దారి పడుతుంది. కాసేపటికే రోగి నడుస్తాడు. రేడియో తరంగాల పద్ధతీ ఇలాంటిదే. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013 నుంచే ఈ వేడి పద్ధతులను మొదటి వరుసలో పెట్టి, కోత ఆపరేషన్‌ను చివరికి నెట్టాయి.

అలాగని 'కోత లేదు, కుట్లు లేదు' అన్న హోర్డింగ్ చూసి పరుగెత్తొద్దు. ముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే అల్ట్రాసౌండ్) కావాలి, అదీ రోగిని నిలబెట్టి చేసేది. లోపలి సిరలో రక్తపు గడ్డ ఉందా, ఏ కవాటం చెడింది అన్నది తేలకుండా లేజర్‌కు తొందరపెట్టే చోటు నుంచి లేచి రావడమే మంచిది. అరుదుగా రక్తం గడ్డకట్టడం, కొన్నాళ్లు తిమ్మిరి, ఏళ్ల తర్వాత వేరే సిరలు ఉబ్బడం ఉంటాయని కూడా డాక్టర్ ముందే చెప్పాలి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఇక చూడాల్సింది జిల్లా ఆస్పత్రులను. కాలి పుండుతో వచ్చిన ప్రతి మనిషికీ మొదటి వారంలోనే డాప్లర్ తీయాలి. సిర చెడిందని తేలితే డ్రెస్సింగ్ గదికి తిప్పకుండా నేరుగా సర్జన్ దగ్గరికి పంపాలి.